నాలుగో కడీ దగ్గర బోర్డు

మా ముత్తాత రాజేశ్వరరావు గారు ఉప్పల్‌కూ నాచారానికీ నడుమ మూడు ఊళ్ల శిస్తు అందుకునే మక్తాదారు. మా తాత నరహరిరావు గారి మాట లేనిదే ఆ మూడు ఊళ్లలో బావి తవ్వేవారు కాదు, పెళ్లి పందిరి వేసేవారు కాదు. కోటలాంటి మా గడీ ముందు నుంచి పోయేవాళ్లు చెప్పులు విప్పి చేతపట్టుకునేవారు. మా నాన్న గోపాలరావు గారి నాటికి ఊళ్లు పోయాయి, గడీ పోయింది. అయినా ఆయన రైలు కట్ట పక్కన మిగిలిన భూమి చెక్కలో ద్రాక్ష తోట వేసి, మొదటి కోత బుట్టలు ఊరంతా పంచిన తర్వాతే ఒక గుత్తి ఇంటికి తెచ్చేవారు.

నేను నాచారంలో ఒక ఫ్యాక్టరీ గేటు పక్కన, టైం ఆఫీసులో, ఇరవై ఆరేళ్లు హాజరు రాశాను. ఒక్క రోజు కూడా కుర్చీకి వీపు ఆనించలేదు.

మా ఇంట్లో ఒక కథ ఉండేది. రైలు కొత్తగా వచ్చిన రోజుల్లో ముత్తాతగారు కట్ట పక్కన నిలబడి చేయెత్తితే రైలు ఆగిందట. దొర ఎక్కుతారేమోనని డ్రైవరు దిగి వచ్చి నమస్కారం పెట్టాడట. ముత్తాతగారు, "ఏం లేదు, ఆగుతదా లేదా అని చూసిన" అన్నారట. ఈ కథను నాన్న నాకు చెప్పారు. నేను టైం ఆఫీసులో అందరికీ చెప్పాను. నవ్వినవాళ్లకు మళ్లీ చెప్పాను.

ఒక చలికాలంలో అన్నోజిగూడలో ఒక రిటైర్డ్ రైల్వే మనిషి పోయాడు. కబురు తెలిసి వెళ్లాను. ఇంటి ముందు టెంటు కింద పాస్టరు ప్రార్థన చేస్తున్నాడు. ఒక పక్కగా పదిమంది పాత గ్యాంగు మనుషులు, అంటే పట్టాలు బాగుచేసే పనివాళ్లు, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. నన్ను చూసి వాళ్లలో ఒకడు పక్కవాడి చెవిలో గుసగుసగా అన్నా నాకు వినిపించింది.

"బోర్డు దొర వచ్చిండు, జాగ ఇయ్యిరా."

ఆ పేరు నాకు పెట్టింది టెంటు కింద పడుకున్న మనిషే. మా తాతముత్తాతల పేర్లలో ఏ ఒక్కటీ తెలియని ఆ పదిమంది నాకు ఆ పేరు మీదే దారి ఇచ్చారు.

ఆయన్ను అందరూ మేస్త్రి అనేవారు. గ్యాంగుకు పెద్ద. మౌలాలీకి పోయే లైనులో మా చెక్క ఉన్న ముక్క ఆయన చేతి కింద ఉండేది. పొట్టి మనిషి, నల్లటి మనిషి. ఎండలో కళ్లు చికిలించి చికిలించి, నీడలో కూడా ఎవరినో దూరం నుంచి గుర్తుపడుతున్నట్టు చూసేవాడు. చంకలో ఎప్పుడూ రెండు జెండాలు, ఎర్రది ఒకటి, పచ్చది ఒకటి. వాటిని మడవడం చూడాలి. అంచుకు అంచు కలిపి, అరచేత్తో ముడతలు తీసి, కర్రకు చుట్టి, చుట్టిన తర్వాత ఒకసారి తట్టేవాడు. పసిపిల్లను జోకొట్టినట్టు ఉండేది.

నడిచేటప్పుడు కంకర మీద కాలు పడిన చప్పుడు వినపడేది కాదు. నేను ఎన్నోసార్లు ప్రయత్నించాను, నా కాలి కింద కంకర రచ్చబండలా మాట్లాడేది.

ఆయనకు లోకమంతా రైలు లైను. మనుషులందరికీ ఒక వేగం రాసి ఉండేది. లైను మీద ఎక్కడైనా పట్టాలు బలహీనంగా ఉన్నా, పని జరుగుతున్నా, ఇక్కడ ఇంత వేగానికి మించి పోరాదు అని డ్రైవర్లకు ముందు స్టేషన్లో కాగితం రాసిస్తారు. దాన్ని వాళ్లు కాషన్ అంటారు. మేస్త్రి ఆ మాటను అన్నిటికీ వాడేవాడు. చలికాలం పొద్దున ఎదురుపడితే, "ఇయ్యాల మోకాళ్లకు ఇరవై కాషన్ దొరా" అనేవాడు. ఆదివారం చర్చి నుంచి తెల్లబట్టల్లో వస్తూ, "పాస్టరయ్య ప్రసంగం పది కాషన్ల నడిచింది. ఇంట్ల అన్నం సల్లారిపోయింది" అనేవాడు. ఆలస్యంగా ఇంటికి పోతున్న రోజైతే, "ఇగ ఇంట్ల డెడ్ స్టాపే. ఎర్రజెండ పట్కొని నిలవడ్డది మా ఆమె" అనేవాడు. నాచారం మెయిన్ రోడ్డు దాటాల్సి వస్తే మాత్రం ఆ ధీరుడికి చెమటలు పట్టేవి. "రైలు యాడికెళ్లి వస్తదో తెల్సు. గీ ఆటోలకు కాషన్ కాగితం ఎవడిస్తడు దొరా?" అంటూ నా మోచేయి పట్టుకునేవాడు.

ఇదంతా తర్వాతి స్నేహం. మొదటి పరిచయం ఇలా జరగలేదు.

నాన్న పోయాక ద్రాక్ష తీగలు ఎండిపోయాయి. పందిరిని మోసిన రాతి కడీలు మాత్రం వరుసలుగా మిగిలాయి. కట్ట వైపు సాగిన వరుసలో చివరిదైన నాలుగో కడీ రైలు కట్ట మొదట్లోనే ఉంది. మన హద్దు అక్కడిదాకా అని నాన్న చెప్పేవారు. గ్యాంగు వాళ్లు ఏటా ఆ కడీకి ఇటువైపు, మా జాగాలో కూడా పది అడుగుల మేర గడ్డి కోసి పోయేవారు. అడగకుండానే చేసేవారు. పాత మర్యాద ఇంకా మిగిలి ఉందని నేను లోలోపల సంతోషించేవాణ్ని.

ఒక ఎండాకాలం, సెలవు రోజు, చెక్క చూసుకుందామని వెళ్తే నాలుగో కడీ పక్కన కొత్తగా ఒక బోర్డు పాతి ఉంది. ఇనుప గొట్టానికి బిగించిన పొడుగాటి రేకు, పసుపు రంగు. ఒక కొస బాణంలా మొనదేలి ఉంది, ఇంకో కొస చేప తోకలా చీలి ఉంది. ఎవరినీ అడగలేదు. మా నాన్న పాతిన కడీకి జానెడు దూరంలో ఎవడో గుంత తవ్వి, ఏదో పాతిపోయాడు.

నాతో ఇద్దరు కూలీలు ఉన్నారు. పీకించాను. పీకించి, మళ్లీ తెచ్చి పాతకుండా ద్రాక్ష తోట బావిలో వేయించాను. ఆ బావిలో అప్పటికి రెండు నిలువుల నీళ్లున్నాయి.

కాసేపటికి కట్ట మీద నుంచి మేస్త్రి నడుచుకుంటూ వచ్చాడు. పని జరుగుతున్నన్ని రోజులూ తాను పాతిన బోర్డులను పూటకొకసారి తానే వచ్చి చూసుకోవడం ఆయన అలవాటట. వచ్చి, గుంత చూశాడు. నన్ను చూశాడు.

"బోర్డేది?"

"ఎవరినడిగి పాతినవ్?" అన్నాను.

"బోర్డేది సారూ?"

"ఇది ఎవరి జాగానో తెలుసా? మా ముత్తాత రాజేశ్వరరావు గారు..."

ముత్తాతగారి తర్వాత తాతగారి దాకా వచ్చాను. అప్పుడే దూరంగా, మలుపు అవతల, కూత వినిపించింది. మేస్త్రి ముఖం మారిపోయింది. చెప్పడం ఆపి నేను ఏమైందని అడిగేలోగా ఆయన కట్ట ఎక్కేశాడు. చంకలోని ఎర్రజెండా విప్పుకుంటూ రైలుకు ఎదురు పరుగెత్తాడు. యాభై ఆరేళ్ల మనిషి. మోకాళ్లకు ఇరవై కాషన్ ఉన్న మనిషి. అంచుకు అంచు కలిపి మడిచిన ఆ జెండాను అలా చింపిరిగా, నెత్తి మీద గిరగిరా తిప్పుతూ పరుగెత్తడం నేను మళ్లీ ఎన్నడూ చూడలేదు.

బ్రేకుల కీచు చెవులు చిల్లులు పడేలా వచ్చింది. ఇనుము కాలిన వాసన వచ్చింది. ప్యాసింజరు బండి ఆయన్ను దాటి, ఇంకా ముందుకు జారి, చివరికి ఆగింది. ఇంజను సరిగ్గా నాలుగో కడీ ఎదుట ఆగింది.

డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు. "ఏందన్నా గిది? కాగితంల కాషన్ ఉన్నది, బోర్డు లేదు! ఇంకా ముంగట ఉందేమో అని వస్తున్న!"

మేస్త్రి రొప్పుతూ వచ్చాడు. నా వైపు ఒక్కసారి చూశాడు. "పడిపోయింది సార్. పాతుతున్నం. ఇరవైల పోండ్రి. మా పోరగాళ్లు ముంగటున్నరు."

రైలు నత్తలా కదిలింది. ప్రతి కిటికీలోంచి ఒక మనిషి నన్నూ గుంతనూ చూస్తూ పోయాడు.

ఆఖరి పెట్టె దాటాక ఆయన కంకర మీద కూలబడ్డాడు. అప్పుడు చెప్పాడు. రైలు పోయిన దిక్కున, కిలోమీటరు అవతల ఇంకో మలుపులో పన్నెండు మంది పని చేస్తున్నారు. పట్టాల కింద కంకరంతా తీసి జల్లెడ పడుతున్నారు. అక్కడ పట్టా గాలిలో వేలాడుతున్నట్టే. ఆ చోటికి చాలా ముందుగా, బ్రేకు వేసే వ్యవధి ఉండేలా, డ్రైవరుకు కనపడాల్సిన మొదటి బోర్డు అది.

"కాగితం చెవుల చెప్పినట్టు. బోర్డు చెయ్యి పట్టి ఆపినట్టు. చెవుల చెప్పింది మర్సిపోవచ్చు సారూ."

ఏదో ఒకటి అనాలి కనుక, "నాకు తెలియదు" అన్నాను. మా వంశంలో ఆ మాట నేనే మొదట అన్నాననుకుంటాను.

"గిప్పుడు తెల్సింది గద. బోర్డేది?"

"బావిలో ఉంది."

ఆయన బావి దాకా వెళ్లి వంగి చూశాడు. తిరిగొచ్చి నన్ను పైనుంచి కిందికి చూశాడు. నాకు కోపం వచ్చేంతసేపు చూశాడు.

"ఇంకో బండి అరగంటల వస్తది. మౌలాలీ నుంచి కొత్త బోర్డు వచ్చేసరికి సాయంత్రమైతది. నా తాన మనుషుల్లేరు, అందరు పనిమీదున్నరు." పచ్చజెండా విప్పి నా చేతికిచ్చాడు. "బోర్డొచ్చేదాక మీరే బోర్డు, దొరా."

"నేనా?"

"పీకింది ఎవరు మరి?"

అలా నేను నాలుగో కడీ పక్కన, నేను పీకించిన గుంతలోనే నిలబడ్డాను. జెండాను ఎలా పట్టాలో ఆయన నేర్పాడు. పచ్చజెండాను ఊరికే చాపి పట్టుకుంటే పొమ్మని అర్థం. నిదానంగా పైకి, కిందికి ఊపితే మెల్లగా పొమ్మని అర్థం. "ఈగలు తోలినట్టు కాదు దొరా. ఊయల ఊపినట్టు." ఆయన నాకు ఐదడుగుల వెనక ఎర్రజెండా పట్టుకుని నిలబడ్డాడు. "మీరు తప్పు జేస్తే నా తాన ఎర్రది ఉన్నది" అన్నాడు.

బండి వచ్చింది. గూడ్సు. ఊపాను. ఇంజను నన్ను చూసింది. చూసి, ఒక పొడుగాటి కూత వేసింది. నా ఒళ్లు ఝల్లుమంది.

"ఏంది గట్ల ఉలికిపడ్డరు? సూసిన అని చెప్తుండు డ్రైవరు. మీరు బోర్డు గద, మీకు జవాబిచ్చిండు."

ఆ రోజు సాయంత్రం దాకా ఏడు బండ్లు వెళ్లాయి. ఏడూ నాకు జవాబిచ్చాయి. రెండు బండ్ల మధ్య ఖాళీలో మేస్త్రి తన టిఫిన్ డబ్బా మూతలో నాకు చింతకాయ తొక్కు, జొన్న రొట్టె పెట్టాడు. తింటూ నేను ఆయనకు ముత్తాతగారి కథ చెప్పాను. చేయెత్తితే రైలు ఆగిన సంగతి, గడీ ముందు చెప్పులు విప్పిన సంగతి చెప్పాను. ఆయన రొట్టె నములుతూ విన్నాడు. తొక్కు అద్దుకున్న వేలు నాకాడు.

"మాది జనగామ అవతల. మా నాయన సుత గట్లనే ఒక దొర ఇంటి ముందల చెప్పులు చేత పట్కొని నడిచిండట. చెప్తుండె." పట్టా వైపు చూశాడు. "నేను గీ పనిల చేరినంక ఒకసారి ఆయన్ను కట్ట మీదికి తోల్కొచ్చిన. గిట్లనే బోర్డు పెట్టిన. ఎక్స్‌ప్రెస్ వచ్చింది. వందల వచ్చేది ఇరవైల పాక్కుంట పోయింది. సూడు నాయనా, రైలు సుత నా బోర్డు ముందల చెప్పులిప్పి నడుస్తది అన్న. ముసలాయన నవ్విండు సూడు దొరా, పండ్లు లేని నోటితోని! గంత నవ్వు మల్ల సూడలే."

ఆయన కూడా నవ్వాడు. కొద్దిసేపటికి నేను కూడా నవ్వాను. ఎందుకు నవ్వానో అప్పుడు తెలియదు.

సాయంత్రం కొత్త బోర్డు వచ్చింది. నేను గుంతలోంచి బయటికి వచ్చాను. కాళ్లు కట్టెల్లా అయ్యాయి కానీ నడుము వంగలేదు. మేస్త్రి అది గమనించాడు. బోర్డు తెచ్చిన మనుషులతో, "నా సర్వీసుల మస్తు బోర్డులు పాతిన. గింత సక్కగ నిలవడ్డ బోర్డు సూడలే" అన్నాడు. అప్పుడే నాకు ఆ పేరు పడింది.

మరునాడు పొద్దున్నే ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. డ్రైవరు తర్వాతి స్టేషన్లో, బోర్డు లేదు అని రాసి ఇచ్చాడట. ఇన్‌స్పెక్టర్ కొత్తగా వచ్చినవాడు, చిన్న వయసు. అప్పటికే గ్యాంగు మా ఇంటి పాతాళగరిగె పట్టుకెళ్లి బావిలోంచి బోర్డు తీశారు. అది నాలుగో కడీకి ఆనించి ఉంది. దాని నుంచి నీళ్లు కారుతున్నాయి. ఇక పడిపోయిందని చెప్పడానికి వీల్లేదు. పడిపోయిన బోర్డు నడిచి వెళ్లి బావిలో దూకదు.

మేస్త్రికి ఇంకా నాలుగేళ్ల సర్వీసు ఉంది. ఆయనకు ఒక గర్వం ఉండేదని గరిగె కోసం రాత్రి మా ఇంటికొచ్చిన గ్యాంగు వాళ్లు నాకు చెప్పారు. ముప్ఫై ఏళ్ల పైచిలుకు సర్వీసులో ఆయన కాగితాల్లో ఒక్క మెమో లేదు. ఒక్క మచ్చ లేదు. రిటైరైన రోజు తెల్ల కాగితం పట్టుకుని పోతానని అందరికీ చెప్పుకునేవాడట. ఆ తెల్ల కాగితమే ఇప్పుడు ఇన్‌స్పెక్టర్ చేతి కింద ఉంది. గర్వమంటే ఏమిటో నాకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. రాత్రంతా కూర్చుని నేను ఒక కాగితం రాసి తీసుకెళ్లాను.

ఇన్‌స్పెక్టర్ చదివాడు. మళ్లీ చదివాడు.

"మేస్త్రీ, గిది మాఫీనా, ఫర్మానానా? 'మా పూర్వీకుల భూమియందు రైల్వే వారి బోర్డును ఇకపై శాశ్వతముగా అనుమతించుచున్నాను' అట!"

"దొర చేతిరాత బాగుంటది సార్" అన్నాడు మేస్త్రి.

"పీకించింది నేనే అని కూడా అందులో ఉంది. ఆ వాక్యం చదవండి" అన్నాను.

"చదివిన. గదే నాకు కావాలె. సార్, ఇది మీ జాగ అయితే ఒక మాట. రైల్వే జాగ అయితే మీరు చేసింది కేసు. జైలు. అర్థమైందా? మేస్త్రీ, నువ్వు చెప్పు. ఈ లైను నీకు ముప్ఫై ఏండ్ల సంది తెల్సు. గీ జాగ ఎవరిది?"

మేస్త్రి నాలుగో కడీని చూశాడు. దానికి ఇటువైపు, పది అడుగుల దూరంలో ఉన్న ఒక తంగేడు పొద వైపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను వీపు నిటారుగా పెట్టి నిలబడ్డాను. అనుమానం దేనికో నాకు అర్థం కాలేదు.

"దొరదే సార్."

"పక్కా?"

"దొరదే. నేను అడగకుంట పాతిన. తప్పు నాది."

ఇన్‌స్పెక్టర్ పెన్ను తీశాడు. అడగకుండా పరాయి జాగాలో పాతినందుకు మేస్త్రికి మెమో. తెలియక పీకించినందుకు నా దగ్గర క్షమాపణ కాగితం. ఇంకొకసారి ఇలా జరిగితే ఊరుకోనని ఇద్దరికీ చెప్పి వెళ్లాడు.

మేస్త్రి మెమో మడిచి జేబులో పెట్టుకున్నాడు. జెండాను మడిచినంత జాగ్రత్తగా మడిచాడు. నాకు జాలి వేసింది. కానీ న్యాయం న్యాయమే కదా అనుకున్నాను. అడగవలసింది. అడగలేదు.

"నొచ్చుకోకు మేస్త్రీ. అడిగి ఉంటే నేనే గుంత తవ్వించేవాణ్ని."

"అవు దొరా. ఇగ అడుగుత" అన్నాడు.

అడిగాడు. ఆ తర్వాత నాలుగేళ్లలో ఆ ముక్కలో ఎన్నిసార్లు పని పడితే అన్నిసార్లు, నాచారం ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చి, టైం ఆఫీసు కిటికీ ముందు నిలబడి, పదిమంది వినేలా అడిగేవాడు. "దొరా, నాలుగో కడీ తాన బోర్డు పాతుకోమంటరా?" నేను కాసేపు ఆలోచించినట్టు ఉండి, "పాతుకో" అనేవాణ్ని. షిఫ్టు మారే వేళ కూలీలంతా చూసేవారు. అందులో ఒకడు నా వెనక, "ఎవరబ్బా ఈయన, రైలోళ్లు సుత పర్మిషన్ అడుగుతున్నరు" అనడం నేను చెవులారా విన్నాను. ఆ రోజు సైకిలు తొక్కుతూ ఉప్పల్ దాకా ఎలా వచ్చానో గుర్తులేదు.

అనుమతి ఇచ్చాక ఇద్దరం గేటు ఎదుటి హోటల్లో చాయ్ తాగేవాళ్లం. ఆయన సాసర్లో పోసుకుని, ఊదకుండా, చల్లారేదాకా చూస్తూ కూర్చునేవాడు. "చాయ్‌కి సుత కాషన్ ఉంటది. ఉరికిస్తే నాలుక పట్టాలు తప్పుతది."

సెలవు రోజుల్లో కట్ట పక్కకు వెళితే ఆయన ఒక్క విషయంలో నన్ను గట్టిగా హెచ్చరించేవాడు. ఆ తంగేడు పొద దగ్గరికి పోవద్దనేవాడు.

"తాచుపాము ఉన్నది దొరా. గింత లావు."

"నేనెన్నడూ చూడలేదే?"

"మీరు సూడకపోతేనే మంచిది. అది మిమ్మల్ని సూస్తది."

గ్యాంగు కట్ట మీది పొదలన్నిటినీ ఏటా నరికేది. ఆ ఒక్క తంగేడును మాత్రం ముట్టేవారు కాదు. పాముకు భయపడి అనుకున్నాను. ఏడాదికొకసారి మేస్త్రి మాత్రం సున్నం బకెట్టు, కుంచె పట్టుకుని ఆ పొదలోకి దూరేవాడు. గ్యాంగు వాళ్లు దూరంగా నిలబడి నవ్వేవారు. లోపల ఏం చేస్తున్నావని అడిగితే, "సున్నం వాసనకు పాము బయటికి రాదు దొరా" అని అక్కడి నుంచే అరిచేవాడు. ఇంత అమాయకుణ్ని నమ్మి రైల్వే వాళ్లు ఇన్ని బండ్లు నడుపుతున్నారా అనుకునేవాణ్ని. అయినా మా జాగాలో పామును అదుపులో పెడుతున్నందుకు ఒకసారి ఆయనకు ఒక గంప సీతాఫలాలు ఇప్పించాను. తీసుకున్నాడు. తీసుకుంటూ ఎందుకో పొలమారేంత దగ్గాడు.

ఆయనకు అన్ని బోర్డుల్లోకీ ఆఖరి బోర్డు మీద ప్రేమ. మొదటి బోర్డు మెల్లగా రమ్మంటుంది. రెండోది ఎంత మెల్లగానో అంకె చెబుతుంది. ఆఖరిది, ఇక నీ వేగంతో నువ్వు పో అని చెబుతుంది. దాన్ని పని జాగా దాటగానే పాతరు, ఇంకా చాలా దూరం ముందుకు పాతుతారు. ఎందుకంటే ఇంజను దాటితే సరిపోదు, రైలు మొత్తం దాటాలి.

"ఇంజనోడు అనుకుంటడు, నేను దాటిన గద, ఇగ ఉరికిస్త అని. ఆఖరి డబ్బా ఇంక మెత్త జాగల్నే ఉంటది. ఉరికిస్తే గదే పడుతది. అందుకే ఆఖరి డబ్బా దాటేదాక ఓపిక పట్టాలె."

ఒకసారి నేను మా వంశం సంగతి ఎత్తి, ఇక ఈ పేరు నాతోనే సరి అన్నాను. నాకు పిల్లలు లేరు. ఎవరైనా అయితే ఓదార్చేవారు. మేస్త్రి సాసర్లో చాయ్ చూస్తూ అన్నాడు.

"మీ ఇంజను ఎప్పుడో దాటిపోయింది దొరా. గా ముత్తాత గారితోనే. ఆఖరి డబ్బా మీరు. పదిలంగ దాటించుండ్రి. గంతే పని."

అంతకంటే మంచి ఓదార్పు నాకు ఎవరూ చెప్పలేదు.

రిటైరైన రోజు మెడలో బంతిపూల దండతో నేరుగా కట్ట దగ్గరికి వచ్చాడు. వెంట కొత్త మేస్త్రిని తీసుకొచ్చాడు. నన్ను చూపించి, "గీడ బోర్డు పాతాలంటే దొరనడగాలె" అని చెప్పాడు. కొత్తవాడికి అర్థం కాలేదు.

"ఎందుకు మామా? గా జాగ..."

"అడగాలె అంటే అడగాలె. మల్ల మాట లేదు."

ఆయన గొంతు అంత కటువుగా నేను అంతకుముందు వినలేదు. కొత్తవాడు తలూపాడు. తర్వాత మేస్త్రి జెండాలు రెండూ మడిచి, తట్టి, కొత్తవాడి చంకలో పెట్టాడు. ఖాళీ అయిన చంకను ఏం చేయాలో తెలియక కాసేపు చేయి ఎత్తి పట్టుకునే నిలబడ్డాడు. ఆ తర్వాత అన్నోజిగూడలో కొడుకు కట్టిన ఇంటికి వెళ్లిపోయాడు. ఆ ఇంట్లో రైల్వేది ఒక్క మేకు కూడా లేదని గొప్పగా చెప్పేవాడు. నేను పోయినప్పుడల్లా గోడలన్నీ చూపించి, "ఎతుకుండ్రి దొరా" అనేవాడు. మెమో మాత్రం ఉండేది. దాన్ని చూపించమంటే, "గది నా సొంతం. ఇష్టపడి కొనుక్కున్న" అని నవ్వేవాడు. ఏదో చమత్కారం అనుకున్నాను.

ఆయన పోయిన తర్వాతి ఎండాకాలంలో, తెలంగాణ వచ్చిన రోజుల్లో, మా తమ్ముళ్లూ నేనూ కలిసి కట్ట పక్కన చెక్కను అమ్మడానికి ఒప్పుకున్నాం. అప్పటికి ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్తంభాలు లేచాయి, మా చెక్కకు కూడా గిరాకీ వచ్చింది. కొనేవాళ్లు ఒక సర్వేయరును తెచ్చారు. అతను రైల్వే నక్షా కూడా తెప్పించుకున్నాడు. టేపు పట్టుకుని కొలుచుకుంటూ తంగేడు పొద దగ్గర ఆగి, కత్తి అడిగాడు.

"పాము ఉంది. తాచు" అన్నాను.

నవ్వి నరికాడు. పాము లేదు. పొద మధ్యలో మోకాలెత్తు హద్దురాయి ఒకటి ఉంది. తెల్లగా, పెళ్లింటి గోడలా ఉంది. ఏళ్ల తరబడి వేసిన సున్నం గోరుతో గీరితే పొరలు పొరలుగా వచ్చింది. ఒక పొర కింద ఇంకో పొర, దాని కింద రైల్వే వాళ్ల అక్షరాలు ఉన్నాయి. సర్వేయరు నక్షాను రాయి మీద పరిచి, అక్కడి నుంచి కట్ట దాకా గీత చూపించాడు.

"ఇది మొదటి నుంచి రైల్వేదే సార్. మీవాళ్లు కడీ ముందుకు పాతుకున్నట్టున్నరు. మీకెవరు చెప్పలేదా?"

నేను నాలుగో కడీ దాకా పది అడుగులు నడిచి వెళ్లి, కాసేపు దాని పక్కన నిలబడ్డాను. మలుపు అవతల నుంచి ఒక ప్యాసింజరు వచ్చింది. అక్కడ ఆ రోజు కాషన్ లేదు. వేగంగా పోయింది. అయినా ఆఖరి డబ్బా దాటేదాకా నిలబడే ఉన్నాను.

రిజిస్ట్రేషన్ కాగితం ప్రకారం మేము అమ్మింది ఎకరా పదకొండు గుంటలు, పూడిపోయిన బావి ఒకటి, రాతి కడీలు పదిహేడు. నాలుగో కడీ అందులో లేదు.